‘తల్లిదిక్కు గట్టిది’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

టీక రాసేవాడు ముందుగా దేవుణ్ణి తలచుకోవాలి. చదువుకూ గుర్రానికీ కలిపి మనకు ఒకే దేవుడున్నాడు కనుక మాకు వెతుకులాట తప్పింది: గుర్రపు తల గల హయగ్రీవునికి నమస్కారం. తరువాత గురుస్మరణ. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన కొలచల మల్లినాథసూరి మా పక్కనున్న మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరకు రానిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగాన్ని మేమూ శిరసావహిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీక ఇక్కడే ముగించాల్సి వస్తుంది.

ఇక సందర్భం. వక్త మా మేనమామ. కరీంనగర్‌లో కిరాణా దుకాణదారు, పంచాంగం కన్నా రేసు పుస్తకాన్ని శ్రద్ధగా చదివే మనిషి. స్థలం హైదరాబాదు, మలక్‌పేట గుర్రప్పందాల మైదానం. కాలం కొన్నేళ్ళ కిందటి ఒక వానాకాలం ఆదివారం. కరీంనగర్‌లో బస్సెక్కి, రాజీవ్ రహదారి మీద 160 కిలోమీటర్లు వచ్చి, జూబ్లీ బస్టాండులో దిగి, మలక్‌పేట చేరేసరికి మూడు పందేలు అయిపోయాయి. శ్రోత ఈ టీకాకారుడే. నాలుగో పందేనికి గుర్రాలను నడిపిస్తుండగా మామ పుస్తకం మూసి ఇట్లా పలికాడు:

మూలం

“ఐదో నంబరు తల్లిదిక్కు గట్టిది రా అల్లుడా! ఇయ్యాల ఉరుకకుంటే నా పేరు మార్చుకుంట.”

ఛందస్సు: వచనం. మామకు ఊపిరి అందని చోట యతి. ప్రాస లేదు, ఆశ ఉంది.

ప్రతిపదార్థం

ఐదో నంబరు = ఐదవ సంఖ్య గల గుర్రము. మూలంలో ‘గుర్రం’ అన్న మాట లేదు, తెచ్చుకొని చదువుకోవాలి. శాస్త్రాల్లో దీనికి పాత ఉదాహరణ ఉంది. ‘సైంధవం తే’ అన్నప్పుడు, విస్తరి ముందు కూర్చున్నవాడికి ఉప్పు తేవాలి, ప్రయాణానికి లేచినవాడికి గుర్రం తేవాలి. అట్లాగే ‘ఐదో నంబరు’ అంటే కరీంనగర్ బస్టాండులో ప్లాట్‌ఫారం, మలక్‌పేటలో గుర్రం. మలక్‌పేటలో ఈ అర్థం నిన్న మొన్నటిది కాదు. నిజాం రాజ్యంలో పందేలు 1868లో మౌలాలీలో మొదలైతే, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో, 1886లో, మలక్‌పేటకు వచ్చాయి.

గుర్రానికి పేరు లేక కాదు. అయితే పందెపు గుర్రం పేరు, ఖాళీలతో కలిపి, 18 ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదని నియమం. ఇంటిపేరుతో రాస్తే మా మామ పేరు ఈ లెక్కన చెల్లదు. ఆయన మున్ముందు చేయబోయే ప్రతిజ్ఞకు ఇది బీజం.

తల్లిదిక్కు = తల్లి వైపు వంశము. రేసు పుస్తకంలో తండ్రిని ‘సైర్’ అనీ తల్లిని ‘డ్యామ్’ అనీ అంటారు. కరీంనగర్‌వానికి డ్యామ్ అంటే మానేరు డ్యామే. ఊరికి నీళ్ళిచ్చేది అది, గుర్రానికి నెత్తురిచ్చేది ఇది. శ్లేష.

ఆక్షేపణ: వంశం చెప్పేవాడు తండ్రితో మొదలుపెట్టడం లోకాచారం. మామ తండ్రిదిక్కు ఎందుకు విడిచిపెట్టాడు?

సమాధానం: అది దాదాపు అందరిదీ ఒకటే కనుక. థరోబ్రెడ్ అన్నది పందేల కోసమే ఇంగ్లండులో పెంచిన జాతి. దానికి మూలపురుషులు ముగ్గురు: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ముగ్గురినీ ఋషులనుకుంటే గోత్రాలు మూడుండాలి. కాని మగ వరుస పట్టుకొని పైకి పోతే ఈనాటి గుర్రాల్లో నూటికి 95 దాకా డార్లీ అరేబియన్ గోత్రమే. సిరియాలోని అలెప్పోలో కొని, 1704లో ఇంగ్లండు చేర్చిన గుర్రం అది. ఇంతమంది సగోత్రులు పెండ్లాడుతున్నా ఎవరూ తప్పనరు. పైగా తండ్రి వైపు మూడో తరంలోనూ తల్లి వైపు నాలుగో తరంలోనూ ఒకే పెద్దమనిషి కనబడితే, ఆ లెక్కను గొప్పగా అచ్చువేస్తారు.

ప్రవర చెప్పి చూపిస్తాం. 2008లో పుట్టి, ఉరికిన 14 పందేలూ గెలిచిన ఫ్రాంకెల్‌ను తీసుకోండి. దాని తండ్రి గెలీలియో, తాత శాడ్లర్స్ వెల్స్, ముత్తాత నార్తర్న్ డాన్సర్. అట్లా ఎక్కుతూ పోతే, ఫ్రాంకెల్ ఒకటి అనుకుంటే, ఇరవయ్యోది పొటేటోస్, ఇరవై ఒకటోది ఎక్లిప్స్, ఇరవై అయిదోది డార్లీ అరేబియన్. మన ప్రవరల్లో ఋషులు ముగ్గురో అయిదుగురో. ఇక్కడ పాతిక పేర్లు, ఒక్కటీ జారకుండా.

ఎక్లిప్స్ అంటే గ్రహణం. 1764 ఏప్రిల్ 1న సూర్యగ్రహణం నాడు పుట్టింది కనుక ఆ పేరు. మన దగ్గరైతే శాంతి చేయించి, పిల్లను ఎవరికైనా దానమిచ్చి చేతులు దులుపుకునేవాళ్ళం. అది 18 పందేలు ఉరికి ఒక్కటీ ఓడలేదు. సూర్యుణ్ణి పట్టిన రాహువుకు ఈ గుర్రం మాత్రం అందలేదని చమత్కారం.

పాఠాంతరం: పొటేటోస్ అంటే ఆలుగడ్డలు. ఆ పేరును దాణా డబ్బా మీద రాయమంటే, గుర్రాల కొట్టంలో పిల్లవాడు ‘పాట్’ అని రాసి దాని వెనక ‘ఓ’ అక్షరం ఎనిమిది సార్లు వేశాడని కథ. పాట్, ఎయిట్ ఓస్. దొరకు నవ్వొచ్చి అదే ఖాయం చేశాడు. తరువాతి లేఖకులు ఓలను కుదించి నడుమ ‘8’ అంకె పెట్టారు. చేతిరాత తప్పు శుద్ధపాఠమై కూర్చున్న ఘట్టాల్లో దీన్ని మించినది మాకు తెలియదు. మలక్‌పేటలో ఉరికే గుర్రాల్లో చాలావాటి ప్రవరలో ఈ ఆలుగడ్డ ఋషి ఉంటాడు. అందరి ఇంటా ఉన్నదాన్ని చెప్పి పందెం కాయలేరు కనుక మామ ఆ ఊసు ఎత్తలేదు.

తేడా తల్లి దగ్గర. మంచి మగగుర్రానికి ఏడాదిలో వందకు పైగా పిల్లలు పుట్టవచ్చు. గోడిగ పదకొండు నెలలు మోసి ఒక్కదాన్ని ఈనుతుంది. అందుకే తండ్రి ఒకడైనంత మాత్రాన గుర్రాలను అన్నదమ్ములనరు, ఒక కడుపున పుడితేనే అంటారు. సూదిమందుతో చూలు నిలిపితే పుట్టిన పిల్లను స్టడ్ బుక్కులోకి, అంటే వంశావళి పుస్తకంలోకి, రానివ్వరు. తల్లి పేరు లేకుంటే తండ్రి ఎవరైనా గడప దాటనివ్వరు. పాలసముద్రంలోంచి లేచిన ఉచ్చైశ్రవానికి తల్లీ లేదు, తండ్రీ లేడు. ఇంద్రుడే చీటీ రాసిచ్చినా మలక్‌పేటలో దానికి ఎంట్రీ లేదు.

గట్టిది = నమ్మదగినది. ఎంత నమ్మదగినదో ఎముకలు చెప్పిన కథ ఒకటుంది. పై ప్రవరలోనే పన్నెండో పేరు బెండ్ ఆర్. 1880లో అది ఇంగ్లండు డెర్బీ గెలిస్తే, ఇది బెండ్ ఆర్ కాదు, అదే యజమాని గుర్రం టాడ్‌కాస్టర్, పిల్లలప్పుడే తారుమారైంది అని ఫిర్యాదు పడింది. విచారించి కొట్టేశారు. నూరేళ్ళు దాటాక శాస్త్రజ్ఞులు, దాచి ఉంచిన దాని ఎముకల్లోంచి డీఎన్ఏ తీశారు. తల్లి నుంచి మాత్రమే పిల్లకు వచ్చే డీఎన్ఏ ఒకటుంటుంది. అది పుస్తకంలో రాసిన తల్లితో కలవలేదు, టాడ్‌కాస్టర్ తల్లితో కలిసింది. రాసినవాడు పొరబడినా తల్లిదిక్కు పొరబడదు.

మన పూర్వులకు గట్టితనం తెలుసుకునే దారి వేరు. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణవిలాసం రాశాడు. మన అశ్వశాస్త్రాలు గుర్రం ఒంటి మీద సుడులు లెక్కపెట్టి యజమాని భాగ్యం చెప్పాయి. ఇప్పటి గుర్రాల పాస్‌పోర్టులోనూ సుడులు గీసి చూపిస్తారు, గుర్తు పట్టడానికి. కాని మైదానంలో ఇప్పటికీ ఎవడైనా గెలిస్తే “వానికి సుడి ఉంది” అనే అంటారు. శాస్త్రం పోయినా మాట పోలేదు.

రా అల్లుడా = సంబోధన. అయిదు వందలు తక్కువ పడ్డాయని ధ్వని.

ఇయ్యాల = నేడు. మన దేశంలో థరోబ్రెడ్లకు పుట్టినరోజు ఏదైనా వయసు పెరిగేది జనవరి 1నే. డిసెంబరు 31న పుట్టిన పిల్లకు తెల్లవారితే ఏడాది నిండుతుంది. ఇంత దబాయించి కాలం లెక్కపెట్టే జాతికి ‘ఇయ్యాల’ అంటే ఎంత? 1200 మీటర్ల పందెం నిమిషం మీద పదో పన్నెండో సెకన్లు. అలెప్పోలో నాటిన చెట్టు మూడు వందల ఏండ్లు పెరిగి కాసే కాయ అంత.

ఉరుకకుంటే = పరుగెత్తనిచో. తెలంగాణంలో ఉరుకుడంటే పరుగే. బాగా ఉరికే గుర్రానికి రేసు పెద్దలు ఇచ్చే బహుమతి బరువు. నిన్న గెలిచినదాని జీను సంచుల్లో సీసపు పలకలు పెంచుతారు, ఓడినదానికి తగ్గిస్తారు. అన్నీ ఒక్కసారే గీత దాటితే ఆ లెక్క వేసినవాడికి మోక్షం. వంశం ఎత్తినదాన్ని సీసం దించుతుంది. మామ వంశం చదివాడు, సీసం చదవలేదు.

ధర్మసందేహం

పందెం కాయవచ్చునా? మహాభారతంలో తొలి గుర్రప్పందెం ఆదిపర్వంలోనే ఉంది. కద్రువ, వినత పందెం కట్టింది ఉచ్చైశ్రవం తోక నలుపా తెలుపా అని. గుర్రం అడుగు కదపకుండానే పందెం తేలింది. అదీ పాములు తోకకు చుట్టుకొని మోసం చేస్తే. ఇక నలుడు. గుర్రం మనసు ఎరిగినవాళ్ళలో ఆయన్ను మించినవాడు లేడు, పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్నాడు. అశ్వహృదయం ఇస్తానని ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చాకనే పట్టిన కలి వదిలింది. రెండు విద్యలూ వేరని వ్యాసుడి సిద్ధాంతం.

సుప్రీంకోర్టుది వేరే సిద్ధాంతం. 1968లో, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అంది. 1996లో, మద్రాసు పందేల కేసులో, గుర్రం వంశం, శిక్షణ, జాకీ చూసి కాసేది కనుక గుర్రప్పందెమూ నేర్పే అంది. ఆ తీర్పు తలచుకుంటే మా మామ నిటారుగా కూర్చుంటాడు. నేర్పు గుర్రానిదా, జాకీదా, కాసినవాడిదా అని మా అత్త అడిగే ప్రశ్న వేరే.

తాత్పర్యం

ఐదో నంబరు నాలుగోదిగా వచ్చింది. “జాకీ లేట్‌గ ఇడిచిండు” అన్నాడు మామ. అది వేరే మూలం, దానికి వేరే టీక కావాలి. తిరుగు బస్సులో శామీర్‌పేట దాటాక అడిగాను, “మామా, ఏం పేరు పెట్టుకుంటవ్ మరి?” “పద్దెనిమిది అక్షరాలల్ల పట్టేది చూడు” అని కళ్ళు మూసుకున్నాడు.

నా పేరు మార్చుకుంట = ఈ పదాన్ని ఇంతవరకు ఆపడానికి కారణం ఉంది. దీని అర్థం మలక్‌పేటలో దొరకలేదు, ధర్మపురిలో దొరికింది.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు. అప్పటికి మా అమ్మమ్మ లేదు. మామ ధర్మపురిలో మునిగి, తడిబట్టలతో తర్పణానికి కూర్చున్నాడు. అయ్యగారు అడుగుతూ ఉంటే తండ్రి, తాత, ముత్తాత పేర్లు గడగడ చెప్పాడు. తల్లి పేరు చెప్పాడు. “మాతామహి? అమ్మ తల్లి పేరు?” అన్నాడాయన. మామ చేతిలో నువ్వులు నీళ్ళు అట్లాగే ఆగాయి.

“అందరు కొత్తపల్లామె అనేటోళ్ళు అయ్యగారూ.”

“పేరు?”

“అదే పేరు.”

ఐదో నంబరు తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి, ముగ్గురి పేర్లూ ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు.

మామను తప్పుపట్టేముందు స్టడ్ బుక్కు మొదటి పుటలు చూడాలి. 1791లో దాన్ని అచ్చువేసినప్పుడు తొలి గోడిగల్లో చాలావాటికి పేర్లు దొరకలేదు. ఫలానా దొర గోడిగ, రాజుగారి గోడిగ అని రాసుకున్నారు. తరువాత తల్లి వరుసలకు అంకెలు వేస్తే, ఒకటో వంశం ఆదిమాతకు మిగిలింది ‘ట్రెగన్‌వెల్ గారి బార్బ్ గోడిగ’ అన్న గుర్తే. దొర పేరుంది, దేశం పేరుంది, ఆమె పేరు లేదు. కొత్తపల్లామెకు ఊరి పేరన్నా మిగిలింది.

అయితే అందరూ ఇట్లా లేరు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర, ఆ పక్కన కురిక్యాల. అక్కడి బొమ్మలమ్మ గుట్ట రాతి మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు శాసనం చెక్కించాడు. అందరూ దాన్ని అందులోని తెలుగు కందపద్యాల కోసం చూడబోతారు. గుర్రాల పుస్తకం చదివినవాడికి మరొకటి కనిపిస్తుంది. అన్న, వేములవాడ అరికేసరి ఆస్థానకవి పంపడు. తండ్రి భీమపయ్య. తల్లి అబ్బణబ్బె, ఆమె ఎవరి మనుమరాలో ఆ పేరుతో సహా. సైర్, డ్యామ్, డ్యామ్ దిక్కు పెద్ద. అంతా రాతి మీద, మా జిల్లాలోనే, ఇంగ్లండులో స్టడ్ బుక్కు పుట్టడానికి ఎనిమిది వందల ఏండ్ల ముందు.

ఇదంతా నేను చెబితే మామ చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత మా అమ్మకు ఫోన్ చేసి కొత్తపల్లామె పేరు అడిగాడు. ఆమెకూ తెల్వదు.

గద్య

ఇది కరీంనగర వాస్తవ్యుడూ, నాలుగో పందెంలో పోయిన అయిదు వందలకు యజమానీ, కొత్తపల్లామె కూతురి కూతురి కొడుకూ అయినవాడు రాసిన టీకా తాత్పర్యము. సమాప్తము.