పీట పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయభట్టు భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టిన ఊరు మా రాజమహేంద్రవరం. భారతమంటే దాయాదుల తగువు. వాళ్ళ తగువు పద్దెనిమిది రోజుల యుద్ధంతో తీరిపోయింది గానీ ఊరికి దాయాదుల మీద మోజు తీరలేదు. ఇప్పుడు దానవాయిపేటలో గానీ దేవీచౌక్ దగ్గర గానీ ఏ కంప్యూటర్ షాపు గుమ్మంలో నిలబడినా ఇంటెల్, ఏఎండీల పర్వమే వినిపిస్తుంది.

పెళ్ళిళ్ళ సీజను ముందు ఒక వీడియో మిక్సింగ్ యూనిట్ యజమానీ, ఇంజినీరింగులో చేరిన కొడుకుని వెంటబెట్టుకుని కోనసీమ నుంచి వచ్చిన ఒక కొబ్బరి రైతూ ఒకే షాపులో ఒకే ప్రశ్న వేశారనుకోండి. "ఏది మంచిదండీ? ఎన్నాళ్ళొస్తాదండీ?" షాపు కుర్రాడు ఇద్దరికీ ఒకే కొటేషన్ రాసిచ్చాడనుకోండి. అటువంటి ఘట్టంలో పుట్టవలసిన పద్యమిది. కవి ఎవరంటే నేనే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం పూర్వులు మెచ్చే పని కాదు. అయినా కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు దొరికాడని అందరికీ దొరుకుతాడా?

మూలము

ఆ. పీట యదియె యైన పిన్నులొక్కటె యైన
చిప్పు కొత్తదైన చేరదోయి
కొనెడివాఁడ వినుము కోర్కె యేదో ముందు
దాని నెఱిఁగి పిదప ధరల నడుగు

ఛందస్సు ఆటవెలది. డెస్క్‌టాప్ కొనిపించే పిల్లల అసలు ఉద్దేశం తెలిసినవారికి ఈ ఎంపికలోని ఔచిత్యం చెప్పనక్కరలేదు.

ప్రతిపదార్థము

కొనెడివాఁడ = ఓ కొనుగోలుదారుడా (తండ్రికి సంబోధన; కొడుకు వింటాడని కవి ఆశించలేదు); పీట = మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్టు; అదియె యైన = అదే అయినప్పటికీ; పిన్నులు = ఆ సాకెట్టులోని సన్నని తీగల వంటి మొనలు; ఒక్కటె యైన = లెక్కకు సమానమే అయినప్పటికీ; చిప్పు కొత్తదైన = వెనకటి తరం కాక తరవాతి తరానిదైతే; చేరదోయి = పొసగదు సుమా; కోర్కె యేదో = నీకు కావలసిన పని ఏదో; దానిన్ = ఆ పనిని; ముందు ఎఱిఁగి = మొదట తెలిసికొని; పిదప = అటు తరవాత; ధరలన్ అడుగు = రేట్లు అడుగుము.

వ్యాఖ్య

"పీట యదియె యైన." ఇక్కడ కవి కేవలం ఊహించి చెప్పాడని అనుకోకూడదు. ఇంటెల్ వంశంలో ఎల్‌జీఏ 1151 అనే పీట 2015లో పుట్టింది. పేరులోని అంకె పిన్నుల లెక్క. ఆరో తరం, ఏడో తరం దాని మీదే కూర్చున్నాయి. 2017 అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చింది. పీట అదే కొలత, పిన్నులు అవే 1151. చిప్పు పాత బోర్డులో అమిరేది, పని చేసేది కాదు. 300 సిరీస్ బోర్డు కొత్తగా కొనాలన్నారు. కోర్లు పెరిగాయి గనక కరెంటు అందించే పిన్నులు పెంచి సర్దుబాటు చేశామన్నది కంపెనీ సమాధానం. కొందరు ఔత్సాహికులు బయాస్ మార్చి, ఒకటి రెండు చోట్ల టేపు ముక్కలంటించి పాత బోర్డు మీదే నడిపించి చూపారు. కనక "చేరదోయి" అన్నది వస్తు స్వభావమా, వర్తక స్వభావమా అన్న శంక వస్తుంది. వ్యాఖ్యాత అభిప్రాయంలో మొదటిది కొంత, రెండోది ఎక్కువ.

ఆ వంశావళి చదివితే వ్రతకథలో రాజుల పేర్లు విన్నట్టుంటుంది. 2009లో 1156, 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851. వీటిలో 1700 కాస్త దీర్ఘాయువు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలను మోసింది. పైగా డీడీఆర్ 4 బోర్డూ ఉంది, డీడీఆర్ 5 బోర్డూ ఉంది. తరవాతి కోర్ అల్ట్రా చిప్పులు వచ్చేసరికి పీట మళ్ళీ మారింది.

ఏఎండీ వారి ఏఎం4 కథ వేరు. 2017 మార్చిలో మొదటి రైజెన్‌తో ఎక్స్370 బోర్డు కొన్నవాడు 2022లో బయాస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో 5800ఎక్స్3డీ పెట్టుకున్నాడు. 2024 జనవరిలో కూడా ఆ పీటకు 5700ఎక్స్3డీ అనే కొత్త చిప్పు దిగింది. ఏడేళ్ళు! అయితే ఇది కంపెనీ దయాగుణమని పొంగిపోకండి. 2020 మేలో 5000 సిరీస్ చిప్పులు 400 సిరీస్ బోర్డులకు రావని వాళ్ళూ ప్రకటించారు. కొన్నవాళ్ళు గోలపెట్టాక అదే నెలలో మాట మార్చుకున్నారు. అంతకన్నా పాతవైన 300 సిరీస్ బోర్డులవాళ్ళు మరో రెండేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఇప్పటి ఏఎం5, 1718 పిన్నుల పీట, 2022 సెప్టెంబరులో వచ్చింది. 2027 దాటే దాకా దీనికి చిప్పులిస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఈ మాటను రైతు కొటేషన్ వెనక రాయించుకోవాలనుకున్నాడు. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

చిత్రమేమిటంటే ఈ దాయాదులు ఒకప్పుడు ఒకే పీట మీద కూర్చున్నవాళ్ళే. ఇంటెల్ 1968లో, ఏఎండీ 1969లో పుట్టాయి. 1982 ఒప్పందం ప్రకారం ఇంటెల్ డిజైన్ చేసిన చిప్పులను ఏఎండీ కూడా తయారు చేసేది. తొంభైల్లో సాకెట్ 7 అనే బోర్డులో పెంటియం పెట్టినా నడిచేది, ఏఎండీ కె6 పెట్టినా నడిచేది. 1997లో పెంటియం 2తో ఇంటెల్ స్లాట్ 1 అని వేరు కాపురం పెట్టింది. రెండేళ్ళకు అథ్లాన్‌తో ఏఎండీ స్లాట్ ఎ అంది. ఆ తరవాత మళ్ళీ పీట కలవలేదు.

పూర్వపక్షం: "ఏఎండీ ఏడెక్కిపోతాదంటగదండీ?"

గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ వినిపించే ఆక్షేపణ. దీనికి ఆధారం లేకపోలేదు. పాతికేళ్ళ కిందటి అథ్లాన్ చిప్పుకు పైన కూలర్ ఊడిపోతే తనను తాను ఆపుకునే తెలివి ఉండేది కాదు. క్షణాల్లో కాలిపోయేది. తరవాత 2013లో ఎఫ్ఎక్స్ 9590 అని 220 వాట్ల మహానుభావుడొకడు వెలిశాడు. ఆ రోజుల్లో చెయ్యి కాలిన పెద్దలు చెప్పిన మాట పిల్లలకు వారసత్వంగా వచ్చింది. మాట నిలిచింది, చిప్పులు మారాయి. ఇంటెల్ 13900కె నిండా పని చేస్తే 253 వాట్లు లాగుతుంది. రైజెన్ 5 7600 మీద రాసిన అంకె 65 వాట్లు.

ఇంకో సంగతి. 2024లో ఇంటెల్ పదమూడు, పద్నాలుగు తరాల పెద్ద చిప్పులు వోల్టేజీ ఎక్కువై క్రమంగా దెబ్బతింటున్నాయని బయటపడింది. ఆగస్టులో సవరణ విడుదల చేశారు, వారంటీ మరో రెండేళ్ళు పొడిగించారు. ఆ తరాల చిప్పు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు బోర్డుకు కొత్త బయాస్ వేశారా లేదా అని ముందు అడగాలి. ఏఎండీ వారూ పరిశుద్ధులు కారు. 2023 ఏప్రిల్‌లో 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని బోర్డులతో సహా మాడిపోతే వోల్టేజీ 1.3 దాటకుండా కట్టడి చేశారు. దోషప్రకరణం ఇంతటితో సమాప్తం. ఇద్దరికీ మచ్చలున్నాయి గనక కులగౌరవం చూసి కొనే పద్ధతి ఇక్కడ చెల్లదు.

"కోర్కె యేదో." పద్యానికి ఇదే ప్రాణం.

మిక్సింగ్ యూనిట్ యజమాని కోర్కె: మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలు, ఒక్కో పెళ్ళికి మూడు కెమెరాల ఫుటేజి, అమ్మాయి అత్తవారింటికి వెళ్ళేలోపు హైలైట్స్ వాళ్ళ ఫోన్లో ఉండాలి. ఈయన వాడేది ఎడియస్ లేదా ప్రీమియర్. ఇంటెల్ చిప్పులో ఉండే గ్రాఫిక్స్ విభాగంలో క్విక్ సింక్ అనే ఏర్పాటుంది, వీడియోను విప్పడానికీ చుట్టడానికీ. ఇప్పటి సోనీ కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ ఫుటేజిని పదకొండో తరం నుంచీ ఇంటెల్ నేరుగా విప్పగలదు. రైజెన్‌కు ఆ విద్య లేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకు కూడా 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే అబ్బింది. అందుచేత ఈయనకు ఇంటెల్. మళ్ళీ ఇక్కడో గోతి ఉంది. చిప్పు పేరు చివర 'ఎఫ్' అన్న అక్షరముంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింకూ ఉండదు. ఆ అక్షరం పుణ్యాన కొంత డబ్బు మిగిలిందని సంతోషించిన మనిషి సీజనంతా టైమ్‌లైన్ అంగుళం అంగుళం జరుగుతుంటే చూస్తూ కూర్చుంటాడు. అక్షరలోపం కావ్యాల్లోనే దోషం. ఇక్కడ అక్షరం అధికంగా ఉండడమే దోషం.

ఈయనకు పీట దీర్ఘాయువుతో పనేముంది? నాలుగు సీజన్లు దున్ని, మొత్తం సిస్టం ఏ మండపేటలోనో కొత్తగా యూనిట్ పెట్టినవాడికి అమ్మేసి ఇంకోటి కట్టించుకుంటాడు. చిప్పు ఒక్కటే పీకి మార్చే తీరిక ఆయనకు ఆషాఢంలోనే దొరుకుతుంది. అప్పుడు డబ్బుండదు.

కొబ్బరి రైతు కొడుకు కోర్కె పైకి కోడింగు, లోపల గేములు. వీడికి పీట ముఖ్యం. ఇవాళ ఏఎం5 బోర్డు, ఆరు కోర్ల చిన్న రైజెన్. గ్రాఫిక్స్ కార్డు తరవాత. చదువు పూర్తయి సొంత జీతం వచ్చేసరికి అదే బోర్డులో ఎక్స్3డీ పెట్టుకోవచ్చు. అదనంగా పేర్చిన క్యాషే వల్ల గేముల్లో ఆ రకం చిప్పులది పైచెయ్యి. బోర్డు కొనేటప్పుడు వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో చూడాలి. అది లేక, బయాస్ మార్చకుండానే పాత చిప్పు అమ్మేసుకుంటే, రేపటి చిప్పును గుర్తుపట్టించడానికి ఇవాళ్టి చిప్పును ఎవరినో బతిమాలి తెచ్చుకోవలసి వస్తుంది.

మూడో కోర్కె ఒకటుంది. అవతారికలో రాలేదు గానీ ఊళ్ళో ఎక్కువమందిది అదే. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ వారిది. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ 7. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది. దానికి పదహారు కోర్ల చిప్పు పెట్టినా పదిహేను నిద్రపోతాయి. పాత సిస్టానికి ఒక ఎస్ఎస్‌డీ తగిలించుకుని మిగిలిన డబ్బుతో ప్రింటర్ టోనర్ కొనుక్కుంటే పుణ్యం.

తాత్పర్యము

ఓ కొనుగోలుదారుడా! సాకెట్టు అదే, పిన్నుల సంఖ్య అదే అని భ్రమపడి రేపటి చిప్పు నేటి బోర్డులో కూర్చుంటుందనుకోవద్దు. నీ పని ఏమిటో ముందు తేల్చుకుని తరవాత ధరలు అడుగు అని భావం.

విశేషములు

"ధరల" అని బహువచనం వాడడం ఉద్దేశపూర్వకం. చిప్పుల ధరలు పక్కపక్కన పెట్టి ఇది చవక, అది ఖరీదు అనేవాడు బోర్డునూ ర్యామునూ లెక్కలో వెయ్యలేదు. ఏఎం5 డీడీఆర్ 5 తప్ప ముట్టదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఎత్తుకుపోతుంటే ర్యామ్ ధర కొబ్బరికాయ ధరలా ఆగకుండా కదులుతోంది. కొబ్బరి రైతుకు ఈ సంగతి షాపు కుర్రాడి కన్నా బాగా అర్థమైంది. ఇంట్లో ఇప్పటికే ఏఎం4 బోర్డూ 16 జీబీ డీడీఆర్ 4 ఉన్నవాడు ఆ పీట మీదే మంచి చిప్పు దొరికితే పెట్టుకోవడం ఇవాళ్టికి బుద్ధిమంతుడి పని.

"పిన్నులు" ఏఎం4లో చిప్పుకే ఉంటాయి, ఇప్పటి మిగతా పీటల్లో బోర్డుకుంటాయి. ఏఎం4 కూలర్ లాగేటప్పుడు ఎండిన థర్మల్ పేస్టుతో చిప్పు కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. సిస్టం కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపేశాక కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తియ్యాలని సంప్రదాయం.

గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. పాదరసం 45 దాటే ఊళ్ళో ఎండాకాలం రెండర్లు రాత్రిపూట పెట్టుకోవాలి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు పచ్చబడతాయి. అవి తుడవడానికి స్కూలు పిల్లల రబ్బరు చాలు.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని కొందరు "దాని నెఱిఁగి పిదప యూపీయస్సు కొనుము" అని చదువుతున్నారు. గణం చెడింది, యతి చెడింది. కనుక అగ్రాహ్యం. మే నెల మధ్యాహ్నం, రెండర్ తొంభై శాతం అయ్యాక, వీధిలో కరెంటు పోయినప్పుడు మాత్రం ఇదే సాధుపాఠం.