మంచు కురవని ఊళ్లో ఉప్పు భయం

కామారెడ్డిలో మంచు కురుస్తుందని మీకు తెలుసా? తెలియకపోతే తప్పు మీదే. కొత్త పికప్ బేరం తెగ్గానే లేచిపోకుండా ఇంకో పావుగంట షోరూం కుర్చీలో కూర్చొని ఉంటే తెలిసేది. అండర్‌బాడీ కోటింగ్ కరపత్రం చేతికిచ్చి, రోడ్డు ఉప్పు నుంచి మీ బండికి సంపూర్ణ రక్షణ అని అభయమిస్తారు. వడ్లు, మక్కలు మోసి నాలుగు రూపాయలు సంపాదించుకుందామని వచ్చిన ఎల్లారెడ్డి రైతు, తన బండి కెనడా పోతుందేమోనని ఒక్క క్షణం మురిసిపోతాడు. మరుక్షణం సంతకం పెడతాడు.

ఆ ఉప్పు కథ అబద్ధం కాదు, అడ్రసే తప్పు. చలిదేశాల్లో రోడ్డు మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, పాళ్లు కుదిరితే మైనస్ 21 దాకా పారుతూనే ఉంటాయి. రోడ్డుకు మేలు చేసిన ఆ ఉప్పే బండి అడుగుకు పట్టుకొని ఇనుమును తినేస్తుంది. డెట్రాయిట్‌లో, షికాగోలో ఉన్న మన పిల్లలు చలికాలమంతా బండి కింద కడిగించేది అందుకే. మన దగ్గర చలి ఎంత వణికించినా పోచారం ప్రాజెక్టు నీళ్లు గడ్డకట్టిన దాఖలా లేదు.

అయితే ఉప్పు మనకూ ఉంది. రోడ్డు మీద కాదు, బండి వెనక డాలాలో. పొటాష్ బస్తా అంటే పొటాషియం క్లోరైడ్, మనం కూరలో వేసుకునే ఉప్పుకు సొంత తమ్ముడు. 45 కిలోల యూరియా బస్తాలతో పాటు 50 కిలోల పొటాష్ బస్తాలు ఎక్కించుకొని బండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరేలోపు కొక్కెం తగిలి చిరిగిన బస్తా ఒకటైనా ఉంటుంది. రాలిన గింజలు డాలా గాడుల్లో, బోల్టు సందుల్లో దూరతాయి. వాన పడితే కరిగి ఛాసిస్ మీదికి దిగుతాయి. ఈ ఉప్పు గురించి ఏ కరపత్రంలోనూ ఒక్క ముక్క ఉండదు.

దానికి తోడు బురద. పోచారం, నిజాంసాగర్ ఆయకట్టుల్లో నాట్లు మొదలైతే కరిగట దున్నిన ట్రాక్టర్లు రోడ్డెక్కి సగం పొలాన్ని తారు మీదే రాల్చిపోతాయి. వెనకొచ్చే పికప్ ఆ బురదను మడ్‌గార్డు లోపలికి, కమాన్ పట్టీల మధ్యకి, డీజిల్ ట్యాంకు నెత్తి మీదికి ఎత్తుకుంటుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని ముంచెత్తిన వరదలో నిలిచిన బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఒండ్రు దూరని సందే ఉండదు. బయటి ఇనుము గంటలో ఆరుతుంది, బురద కింది ఇనుము మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. తుప్పుకు కావలసింది ఆ తడే.

ఇక మన వాటర్ సర్వీసింగ్ వైభవం చూడండి. బానెట్ మీద నురగ, అద్దాలకు తళుకు, టైర్లకు నల్ల పాలిష్. చివర్లో పిల్లవాడు అడుగుతాడు: "అన్నా, కింద డీజిల్ కొట్టాల్నా?"

"కొట్టు తమ్మీ, జర గట్టిగ కొట్టు!"

కడగని బురద మీద డీజిల్, లేదంటే కాలిన ఇంజన్ ఆయిల్. కింద నల్లగా నిగనిగలాడుతుంది, ఓనరు కడుపు నిండుతుంది. ఆ జిడ్డు మర్నాడే దుమ్మును పట్టుకుంటుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది. దసరాకు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించినప్పుడు లోపల దాగిన బురదకు కూడా ఘనంగా ఆయుధ పూజ జరిగిపోతుంది.

బురద మీద కోటింగ్ వేయించడం దీన్ని మించిన తెలివి. శుభ్రమైన, పొడి ఇనుము మీద వేస్తే కోటింగ్ కాపాడుతుంది. బురద మీద వేస్తే తడిని లోపలే పెట్టి సీలు వేస్తుంది. తుప్పుకు ఇల్లు కట్టించి, గృహప్రవేశం ఖర్చు కూడా మనమే పెట్టుకోవడమన్నమాట.

చేయాల్సింది పెద్ద విద్య కాదు. ఎరువులు దించిన రోజే డాలా ఊడ్చి కడగండి. నాట్లు ముగిశాక బండిని వాలుగా నిలిపి, ముందు బురదను నాననివ్వండి. ప్రెషర్ గన్‌తో ఒకేసారి కొడితే బురద ఇంకా లోపలికి పోతుంది. మామూలు పైపు నీళ్లు ఛాసిస్ రంధ్రాల్లోకి తీరిగ్గా పారించండి, కింది రంధ్రాల నుంచి తేట నీళ్లు వచ్చేదాకా ఆపకండి. మూసుకుపోయిన రంధ్రాన్ని పుల్లతో పొడవండి. తర్వాత ఎండలో బాగా ఆరబెట్టండి. కోటింగ్ మీద మనసైతే అప్పుడు వేయించండి.

రోడ్డు ఉప్పు పేరు చెప్పి ఎవరైనా బిల్లు చేతిలో పెడితే మాత్రం, డబ్బు తీసే ముందు ఒక్క మాట అడగండి: "ఏ రోడ్డు మీద, అన్నా?"