పెద్దబండికి టైర్లు మార్చు విధానము

టైరు అరిగిందో లేదో టైరును చూసి తేల్చుకోవడం తొందరపాటు. గాళ్లలో అక్కడక్కడా చిన్న గుబ్బలుంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందేనని చట్టం. వాటిని వెతకాలంటే వంగాలి. మనం ఎస్‌యూవీ కొన్నదే వంగే పని లేకుండా ఎక్కి కూర్చోవడానికి. కాబట్టి సంక్రాంతి దాకా ఆగండి. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లన్నీ బారులు తీరినప్పుడు, పక్క బండిలోంచి ఎవరో అద్దం దించి "అన్నా, నీ వెనక టైరు నున్నగైపోయింది చూస్కో" అంటారు. అదే ముహూర్తం.

ఊరి నుంచి హైదరాబాద్ తిరిగొచ్చాక మలక్‌పేట మెయిన్ రోడ్డులో ఏదో ఒక టైర్ల షాపుకు వెళ్లండి. సైజు ఎంతని అడుగుతారు. "పెద్దది" అని చెప్పండి. టైరు మీద 225/55 ఆర్18 98వీ లాంటిది రాసే ఉంటుంది గానీ, చదివితే చిక్కుల్లో పడతారు. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. అంటే గంజ్ మార్కెట్‌లో పదిహేను ఉల్లిగడ్డ బస్తాలు. వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. సాయంత్రం ఆరింటికి మూసారాంబాగ్ నుంచి చైతన్యపురికి పోయేవాడికి ఈ అక్షరం లేకపోతే ఎలా? నెత్తిమీద మెట్రో పోతుంటే కింద నిలబడి, మన టైరు దానికంటే వేగంగా పోగలదని తృప్తి పడవచ్చు.

ఇప్పుడు అసలు ఘట్టం. షాపులో కుర్రాడు గొంతు తగ్గించి, "సార్, మీ బండికి రన్‌ఫ్లాటా, నార్మలా?" అంటాడు. వెంటనే జవాబు చెప్పకండి. అమెరికాలోని బావమరిదికి ఫోన్ కలపండి. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా సలహా చెప్పే అవకాశం వస్తే ఆయన లేస్తాడు. "బావా, సేఫ్టీ విషయంలో కాంప్రమైజ్ కావద్దు" అంటాడు. డబ్బు మీది.

రన్‌ఫ్లాట్ అంటే సైడ్‌వాల్ మందంగా, గట్టిగా చేసిన టైరు. గాలంతా పోయినా ఆ గోడలే బండి బరువు మోస్తాయి. గంటకు 80 దాటకుండా నడిపితే సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చని కంపెనీల మాట. బీఎండబ్ల్యూ బండ్లు కొన్ని వీటితోనే వస్తాయి. వాటిలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. 2020లో కేంద్రం కూడా నిబంధన సడలించింది: ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉంటే కారులో స్టెప్నీ లేకపోయినా తప్పు లేదని.

మరి ఈ 80 కిలోమీటర్ల వరాన్ని ఎలా వాడుకోవాలి? మలక్‌పేటలో బయల్దేరగానే మేకు దిగిందనుకోండి. 80 కిలోమీటర్లంటే చిట్యాల దాటి నార్కట్‌పల్లి దరిదాపులు. చాదర్‌ఘాట్ నుంచి ఎల్బీ నగర్ దాకానే అడుగడుగునా పంచర్ షాపులు, బయట వేలాడే పాత టైర్లు, లోపల స్ట్రిప్ వేసి పది నిమిషాల్లో పంపించే మనుషులు. మీరు ఎవరి దగ్గరా ఆగకండి. ఈ షాపులన్నీ దాటుకుని పోగల శక్తికే కదా మామూలు టైరు కంటే ఎక్కువ ధర కట్టింది! నార్కట్‌పల్లిలో ఆగి, అక్కడి పంచర్ షాపులో అడగండి. అంతదూరం గాలి లేకుండా తిరిగిన రన్‌ఫ్లాట్‌ను రిపేరు చేయొద్దనే కంపెనీలూ చెబుతాయి, లోపల గోడలు నలిగిపోయి ఉంటాయి కనక. అతను రాడ్డు పెట్టి టైరు విప్పడానికి సిద్ధపడితే మాత్రం అడ్డుపడకండి. వాల్వు పక్కనే సెన్సర్ ఉంటుందని అతనికీ తెలియాలిగా.

కొత్తది తెప్పించుకోవడం మరో వ్రతం. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని లైసెన్సుల కింద పెట్టింది. బయటి దేశాల నుంచి రావాల్సిన సైజులకు "రెండ్రోజుల్లో వచ్చేస్తది సార్" అనే మాట పుట్టింది. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో సంకేత భాష: బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఎఫ్‌టీ అంటుంది, మిషెలిన్ జడ్‌పీ, కాంటినెంటల్ ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ ఆర్‌ఓఎఫ్. అన్నీ రన్‌ఫ్లాట్లే. నాలుగు పేర్లూ వరుసగా అడిగి, నాలుగు రకాల టైర్లున్నాయని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాయండి.

ఇంకో సంగతి, షాపులో ఎవరూ చెప్పరు. మన దగ్గర టైరును చంపేది మేకు కాదు, గుంత. గుంత అంచు తగిలితే సైడ్‌వాల్‌లో దారాలు తెగి బుడగ లేస్తుంది. అది రన్‌ఫ్లాటైనా మామూలుదైనా పారేయాల్సిందే. రన్‌ఫ్లాట్ గట్టిది కాబట్టి ఆ దెబ్బలో ఎక్కువ వాటా రిమ్ముకూ, మీ నడుముకూ ఇస్తుంది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున ఏ టైరూ ఏమీ చేయలేదు. 2020 అక్టోబరులో మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగినప్పుడు బండి ఇంట్లో ఉంచుకున్నవాళ్లే తెలివైనవాళ్లు.

(పిల్లల్ని వెంటబెట్టుకుని అర్ధరాత్రి సూర్యాపేట, కోదాడ మధ్య ఒంటరిగా నడిపేవాళ్లను నేను వెక్కిరించడం లేదు. చీకట్లో జాకీ పెట్టకుండా వెలుతురున్న చోటికి చేరగలగడానికి విలువుంది. మిగతా రోజులన్నీ దిల్‌సుఖ్‌నగర్ దాటని బండికి మామూలు టైర్లూ ఒక స్టెప్నీ చాలు. ఇంత సూటిగా చెప్పడం ఈ విధానానికి విరుద్ధం, క్షమించాలి.)

రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలువి వేయిస్తే అవే రిమ్ములకు పడతాయి, కుదుపూ తగ్గుతుంది. స్టెప్నీకి మాత్రం చోటుండదు. దాన్ని డిక్కీలో పడేసి, అత్తగారు తెచ్చిన బియ్యం బస్తాను ఆమె పక్కనే వెనక సీట్లో కూర్చోబెట్టండి. డబ్బు సరిపోకపోతే ముందు రెండు రన్‌ఫ్లాట్, వెనక రెండు మామూలువి వేయించి ఇరువర్గాలకూ న్యాయం చేయండి. కలపొద్దని రాసినవాళ్లకు సర్దుబాటు తెలియదు. కొత్తవి రెండే కొంటే వాటిని ముందే బిగించమనండి. వెనక అరిగిన టైర్లు వానలో జారితే బండి తనంతట తానే వెనక్కి తిరుగుతుంది, యూటర్న్ కోసం ఎల్బీ నగర్ దాకా పోయే పని తప్పుతుంది.

మలక్‌పేట రేసుకోర్సులో గుర్రం పళ్లు చూసినట్టు టైరుకు చూడాల్సింది సైడ్‌వాల్ మీది చివరి నాలుగంకెలు. 1422 అంటే 2022లో 14వ వారం, శుభకృత్ ఉగాది పచ్చడి తిన్న మరుసటి వారం తయారైన సరుకు. "ఫ్రెష్ స్టాక్ సార్" అన్నాక ఇంకా అంకెలు చూడటం మర్యాద కాదు. బిల్లు చూసేటప్పుడు మాత్రం వంగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు వారం ముందే నాలుగూ మార్పించుకున్న తోడల్లుడికి ఆ సంగతి చెప్పడం మీ కనీస బాధ్యత.

నైట్రోజన్ కొట్టించండి. మామూలు గాలిలో 78 శాతం అదేనని బడిలో చదివారు, బడిలో ఇంకా చాలా చదివారు. అటునుంచి అటే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, టైరుకొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు తొక్కించండి. స్టెప్నీ లేనివాళ్లు ఐదోది డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోవచ్చు. పసుపు దీపం వెలిగి గాలి తగ్గిందని చెబితే నిమ్మకాయ వైపు చూడండి.

పాత టైర్లను షాపులో వదిలేయకండి, ఎంతిస్తానన్నా మోసమే. ఇంటికి తెచ్చి మేడమీద పేర్చండి. వానాకాలంలో జీహెచ్‌ఎంసీ దోమల నివారణ సిబ్బంది వచ్చి, వాటిలో నిలిచిన నీళ్లలో పురుగులు చూపించి నిలదీస్తారు. అవి మామూలు టైర్లు కావు, రన్‌ఫ్లాట్లని చెప్పండి.