మాట పొడవు కొలిచి పెట్టండి
తూనికలు కొలతల అధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తూనికలు కొలతల అధికారి గారి సముఖానికి,

పొదటూరుపేట నుంచి ఒక మర మగ్గాల మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా,

రెండు మీటర్ల లుంగీ మీటరు తొంభై వస్తే మీరు పట్టుకుంటారు. బట్టల కొట్లో ఇనుప కడ్డీ మీద మీ ముద్ర లేకపోతే కేసు రాస్తారు. బియ్యం సంచిలో వంద గ్రాములు తగ్గినా, పెట్రోలు పంపు నాలుగు చుక్కలు మింగినా మీ కంట పడక తప్పదు. మరి మాట కురచైతే? దాన్ని కొలిచే కడ్డీ మీ బీరువాలో ఉందా? లేకపోతే ఒకటి చేయించమని అడగడానికే ఈ లేఖ.

తెలుగులో రాస్తున్నందుకు మన్నించాలి. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు మా ఇళ్ళలో తెలుగు, బజార్లో తమిళం, మగ్గం దగ్గర రెండూ. ఇంకో సంగతి. తమిళనాడులో మీ తూనికలు కొలతల పని కార్మిక శాఖ చేతిలో ఉంది. అంటే మీటరు కొలిచేదీ మీ శాఖే, కూలి గురించి అడగాల్సిందీ మీ శాఖే. నా ఫిర్యాదులో ఆ రెండూ పడుగు పేకల్లా కలిసిపోయి ఉన్నాయి కనక సరైన గుమ్మానికే వచ్చాననుకుంటున్నాను.

కోపం మీద రాయడం లేదు. శూరపద్ముడనే రాక్షసుణ్ణి గెలిచి వచ్చిన మురుగన్ కోపం చల్లారింది మా తిరుత్తణి కొండ మీదే అంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం కదా, నా కోపాన్ని కూడా అట్లే కొండెక్కించి, కిందికి దిగి వచ్చాకే కలం పట్టాను.

జరిగింది ఇది. మరదలి ఇంట్లో శుభకార్యమని తిరువళ్ళూరు వెళ్ళాం. వీరరాఘవస్వామి దర్శనం అయ్యాక మా ఆవిడ ఒక పెద్ద దుకాణంలోకి నడిచింది. దుకాణం పేరు చెప్పను. గుమ్మం మీద తాటికాయంత అక్షరాలు: మన దేశంలో నేసిన బట్టే అమ్ముతామని ప్రతిజ్ఞ. ఒక పక్క జెండా, ఒక పక్క రాట్నం. లోపల ఏసీ. చీరల దాకా పోకుండానే లుంగీల అర దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. ఒక మడత విప్పి అంచు వేలితో తడిమింది.

"ఇది మనదే," అంది.

"నీలం గళ్ళ లుంగీ లోకంలో మనమొక్కరమే నేస్తామా ఏమి?"

"ఎడమ అంచులో నాలుగో పోగు చూడు. నీలం చాల్లేదని నల్లది అతికితివి గదా. ఆ పడుగంతా ఇట్లే ఉండాది."

చూశాను. నా పోగే. బొటనవేలి గుర్తు లాంటిది, ఇంకెవరికీ ఉండదు. మడత మీద ఎవరిదో బ్రాండు పేరు, ఎక్కడిదో చిరునామా, మన దేశంలోనే తయారైందన్న మాట. ధర చూశాను. ఆ లుంగీ నేసినందుకు నాకు కట్టిన కూలి అందులో పదో వంతు కూడా లేదు. కట్టిన కూలి అన్నాను గానీ ముట్టిన కూలి అనలేదు, గమనించాలి. ఆ పడుగు డబ్బులో సగం ఇంకా షావుకారు దగ్గరే ఉంది. ఆయనను అడిగితే పైనుంచి రాలేదంటాడు.

ఇప్పుడు నా చిక్కు చూడండి. బోర్డు అబద్ధం కాదు. సరుకు మన దేశానిదే, నేసింది నేనే, దానికి సాక్షిని కూడా నేనే. నేతిబీరకాయను ఎవరూ అబద్ధం అనరు. అందులో నెయ్యి ఎంతో మాత్రం ఎవరూ అడగరు. నేను అడుగుతున్నది ఆ ఒక్కటే.

మొదటి కొలత, 'మన' అనే మాటది. మా తాత మగ్గం 1960 మార్చి 31 రాత్రి ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో నిద్రపోయింది. ఏప్రిల్ 1 పొద్దున మద్రాసు రాష్ట్రంలో లేచింది. సరిహద్దు తగాదాకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ చేసిన సిఫార్సు మీద 1959లో పార్లమెంటు చట్టం చేసి తిరుత్తణిని ఇటు కలిపింది. మగ్గం గుంట అంగుళం కదల్లేదు, ఊరు మాత్రం రాష్ట్రం మారింది. మగ్గం మీద సగం నేసిన చీర ఏ రాష్ట్రపుదని మా నాయన చాలా ఏళ్ళు నవ్వుతూ అడిగేవాడు. ఇప్పటికీ బస్సెక్కితే కాసేపట్లో నగరి. అక్కడా మర మగ్గాలే, అవే గళ్ళు, మా బంధువులే. 'మన ఊరి సరుకు' అని ఇటువైపు ఎవరైనా బోర్డు కడితే మా బావమరిది నేసిన లుంగీ పరాయిదైపోతుంది.

సరే, ఊరు వదిలి దేశమే లెక్క అనుకుందాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ప్రధానమంత్రి గారు స్వదేశీ సరుకు అమ్ముతున్నామని కొట్ల ముందు బోర్డులు పెట్టుకోమని వ్యాపారులకు చెప్పారు. మంచి మాటే. అదే ఆగస్టులో మిల్లులకు ఊరట కావాలని విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కొన్నాళ్ళకు ఎత్తేశారు. అదీ అవసరమే కావచ్చు. కానీ నా లుంగీలోని పత్తి ఏ దేశపు చేనులో కాసిందో నాకు తెలియదు, నూలు తెచ్చి ఇచ్చే షావుకారుకూ తెలియదు. బోర్డు రాయించిన వాడికి మాత్రం ఎట్లా తెలిసిందో కనుక్కోండి.

ఈ విషయంలో అమెరికా వాళ్ళ దగ్గర కాస్త గట్టి కడ్డీ ఉంది. అక్కడ తయారైందని నిక్కచ్చిగా ముద్ర వెయ్యాలంటే సరుకు మొత్తం, లేదా దాదాపు మొత్తం, అక్కడే తయారై ఉండాలి. విలియమ్స్-సొనోమా అనే పెద్ద గృహోపకరణాల సంస్థ ఈ లెక్క తప్పి 2020లో 10 లక్షల డాలర్లు కట్టింది. ఇక తప్పనని రాసిచ్చి, మళ్ళీ తప్పి 2024లో 30 లక్షల డాలర్లకు పైగా కట్టింది. మాటను కొలవడం అసాధ్యం కాదని మీకు చెప్పడానికే ఈ ఉదాహరణ.

రెండో కొలత: మాట ఎవరికిచ్చారు? మా కొండ మీది స్వామికి ఇద్దరు దేవేరులు, వల్లి, దేవసేన. ఇద్దరికీ మాట ఇచ్చాడు, ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టుకున్నాడు. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ కూడా ఇద్దరికీ మాట ఇచ్చింది. పదేళ్ళలో 5,000 కోట్ల డాలర్ల అమెరికా సరుకు అదనంగా కొంటానని 2013లో స్వదేశానికి చెప్పింది. 2015లో ఒక వినియోగదారుల సంస్థ ఆ కంపెనీ వెబ్‌సైటు తిరగేసి, అమెరికాలో తయారైందన్న ముద్ర తప్పుగా పడిన సరుకుల జాబితా బయటపెట్టింది. ప్రభుత్వం వైపు నుంచి విచారణ మొదలయ్యాక ముద్రలు తీసేశారు, విచారణ ముగిసింది. 2021లో మళ్ళీ పదేళ్ళకు 35,000 కోట్ల డాలర్ల మాట ఇచ్చింది. దీనికి కొన్ని నెలల ముందే, 2020 డిసెంబరులో, మన దేశం నుంచి తీసుకెళ్ళే సరుకును 2027కల్లా ఏటా 1,000 కోట్ల డాలర్లకు పెంచుతానని మనకూ చెప్పింది. ఇక్కడ ఫ్లిప్‌కార్ట్‌లో 2018 నుంచి పెద్ద వాటా దానిదే మరి. రెండు మాటలూ ఒకేసారి నిలబెట్టుకోవచ్చు, నేను కాదనను. కానీ ఇద్దరు దేవేరుల మధ్య నిలబడ్డవాడికి మురుగన్ అంత ఓర్పు ఉందా అన్నది ఎవరైనా చూడాలి కదా.

మన చట్టమూ తక్కువ తినలేదు. ఒకే బ్రాండు అమ్మే దుకాణాల్లో విదేశీ పెట్టుబడి సగం దాటితే 30 శాతం సరుకు మన దేశంలో కొనాలని 2012లో షరతు పెట్టారు. మొదట చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలన్నారు. అదే ఏడు గడవకముందే వీలైతే వాళ్ళ దగ్గర కొనండి అన్నారు. 2019లో ఇంకో మడత విప్పారు: ఇక్కడ కొన్న సరుకు ఇక్కడే అమ్మనక్కర్లేదు, ఓడెక్కించి పంపినా లెక్కలోకి వస్తుంది. అంటే కరూరులో నేసిన దుప్పటి ఐరోపాకు పోతుంది, మన ఊరి దుకాణం అరలో ఇంకో దేశపు సరుకు కూర్చుంటుంది, లెక్కల పుస్తకంలో 30 శాతం నిండుగా ఉంటుంది. దుప్పటి నేసినవాడికి పని దొరికింది, నిజమే, ఆ మేలు కాదనకూడదు. అయితే ఆ 30 శాతం కొన్నవాడి మాట. కొట్లోకి వచ్చిన మనిషి దాన్ని అమ్మేవాడి మాటగా వింటున్నాడు. ఒకే అంకెకు రెండు అర్థాలు ఉంటే, అయ్యా, మీ భాషలో దాన్ని దొంగ తూకం అంటారు.

ఇంతవరకూ ఎదుటివాళ్ళ సంగతి. మా సంగతీ చెప్పకపోతే పాపం. చీర, ధోవతి, లుంగీ వంటి రకాల్లో కొన్ని తరహాలను చేనేతకే వదిలిపెట్టాలని 1985లో చట్టం చేశారు. చేనేతకు ప్రత్యేక ముద్ర 2006లో వచ్చింది. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను చేనేత దినం చేసి, 2015లో మొదటిసారి మన మద్రాసులోనే జరిపారు. ఆ వారం కిటికీల్లో చెక్క మగ్గం బొమ్మలు పెట్టని పెద్ద దుకాణం అరుదు. బొమ్మ చేతి మగ్గానిది, పక్కన వేలాడే గుడ్డ చాలాసార్లు మాలాంటి వాళ్ళ మర మగ్గానిది. గుడ్డ చూడగానే మాకు తెలుస్తుంది. నోరు మెదపం. మా తాత నాడె విసిరిన గుంటను పూడ్చి దాని మీదే నేను మోటారు బిగించాను. కాబట్టి ఈ విన్నపంలో సత్యహరిశ్చంద్రుడి వేషం నాకు వద్దు. నన్నూ కొలవండి.

మూడో కొలత అసలైనది. రోజులది. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు, ఒప్పందం రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను వాళ్ళూ గట్టి ముడి వేశారు: గడువులోగా ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆ కొనుగోలును ఖర్చు కింద చూపుకోవడానికి లేదు. చట్టం బంగారమే. కానీ నేను దుకాణానికి అమ్మడం లేదే! దుకాణానికి బ్రాండువాడు, బ్రాండువాడికి ఏజెంటు, ఏజెంటుకు షావుకారు, షావుకారుకు నేను. చట్టం మొదటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి కూర్చుంటుంది. నా గుమ్మం నాలుగోది. ఫిర్యాదు చెయ్యమంటారా? చేస్తే మరుసటి పడుగు పక్కింటికి పోతుంది.

మా కొండకు 365 మెట్లు, ఏడాదికి రోజుకొక మెట్టు. డిసెంబరు 31న మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించి పాడుకుంటూ ఎక్కుతారు. నా బిల్లు కూడా ఆ మెట్లే ఎక్కుతోంది. 45వ మెట్టు దగ్గర ఎవరైనా ఎదురొస్తారేమోనని చూసింది. ఇప్పుడు 130వ మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటోంది.

మాట నిలబడే పద్ధతి లేదని కాదు. సంక్రాంతికి పేదలకు చీర, ధోవతి ఇచ్చే పథకం ఎంజీఆర్ హయాంలో 1983లో మొదలైంది. అందులో జాప్యాలు, తగాదాలు లేవని అనను. కానీ అక్కడ బోర్డు ముందు రాదు, ఆర్డరు ముందు వస్తుంది. ఎన్ని కావాలి, ఏ నూలుతో కావాలి, ఎప్పటికి కావాలి. ఆ మూడూ తెలిస్తే మగ్గం ఆడుతుంది. అంకె, తేదీ లేని ప్రతిజ్ఞతో ఒక్క కండె కూడా తిరగదు. చిత్తశుద్ధి కొన్నవాడి గుండెలో ఉందో లేదో నాకు అక్కర్లేదు, అది కొండ మీది స్వామి చూసుకుంటాడు. ఆర్డరు పుస్తకంలో ఉంటే చాలు.

కాబట్టి తమరిని వేడుకునేది ఏమంటే:

1. మన దేశపు సరుకే అమ్ముతామని బోర్డు కట్టిన పెద్ద దుకాణం, ఆ బోర్డులోనే, అంతే పెద్ద అక్షరాల్లో, నూటికి ఎంతో అంకె రాయాలి.

2. ఆ అంకె అరలో ఉన్న సరుకుదా, ఓడెక్కిన సరుకుదా చెప్పాలి.

3. దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో అచ్చు వెయ్యాలని మీ నిబంధన ఇప్పటికే ఉంది. మన సరుకు మీద నేసిన ఊరి పేరు వెయ్యమనండి. నా పేరు అక్కర్లేదు. పొదటూరుపేట అని ఉంటే చాలు.

4. నేసినవాడికి ఎన్ని రోజుల్లో డబ్బు ముడుతుందో అదే అట్ట మీద రాయాలి. ధర పక్కనే రాస్తే మరీ మంచిది.

ఈ లేఖతో ఒక లుంగీ కూడా పంపుతున్నాను. మీ కడ్డీతో కొలిచి చూడండి, రెండు మీటర్లు నిండుగా ఉంటుంది. ఎడమ అంచులో నాలుగో పోగు నల్లది, అది తప్పే, ఒప్పుకుంటున్నాను. లంచమని అపార్థం చేసుకోకండి, బిల్లు జతపరిచాను. తొందరేమీ లేదు, చట్టం ఇచ్చిన 45 రోజులూ ఆగుతాను. ఆ తర్వాత కూడా రాకపోతే, నేను ఎక్కడ కూర్చుని ఉంటానో మీకు తెలుసు, ఏ మెట్టు మీదో మాత్రం ఇప్పుడే చెప్పలేను.

ఇట్లు
తమ విధేయుడు,
నాలుగో గుమ్మం మనిషి
పొదటూరుపేట, తిరువళ్ళూరు జిల్లా