కషాయ కాండ

మందార కొమ్మకి తెల్లటి పిండి కనపడితే బుద్ధున్నవాడు ఆ కొమ్మ తుంచి అవతల పారేస్తాడు. నేను పొయ్యి వెలిగిస్తాను. మొక్కల మీద ప్రేమేమీ కాదది, కషాయాల మీద యావ. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి ఈ సంగతి తెలియదు. అప్పట్లో మాకు మేడ లేదు.

మాది రాజమండ్రి. పక్కనే పూలమొక్కల నర్సరీల కడియం. అటువైపు స్కూటరు మీద వెళ్ళినవాడు ఉత్త చేతుల్తో తిరిగిరాడు. అలా తెచ్చి మేడంతా పరిచిన కుండీల్లో మందారాలు, వంగ, బెండ, ఓ కరివేపాకు చెట్టు ఉన్నాయి. వాటి వెంటే పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ పిలవకుండానే దిగాయి. మందుల కొట్టుకెళ్ళి సీసా కొనుక్కుంటే ఒక పూటలో తేలిపోయే వ్యవహారం. కానీ ఎదురింటి మాస్టారితో ఒకసారి నోరుజారి, "మా ఇంట్లో రసాయనాలు వాడమండీ" అనేశాను. అన్నాక నిలబెట్టుకోవాలి కదా.

మొదట వేపనూనె. లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు చాలు. నూనె నీళ్ళలో కలవదు కనక ముందు కాస్త కుంకుడు రసంతో గిలక్కొట్టి, ఆ తర్వాత నీళ్ళు పొయ్యాలి. చల్లబడ్డాక సాయంత్రం పూట కొట్టాలి. వేపలో అసలు పనిచేసే అజాడిరక్టిన్ ఎండకి తొందరగా విరిగిపోతుంది మరి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. రానిదల్లా ఓపిక. వేప పురుగుని అక్కడికక్కడ చంపదు. దానికి తిండి సహించకుండా చేస్తుంది, పిల్ల పురుగుని కుబుసం విడవనివ్వదు. నాకేమో తెల్లారేసరికి శవాలు కావాలి. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని వంగాకులు తిరగేస్తే పేనుబంక నిన్నటికంటే పుష్టిగా ఉంది. మోతాదు రెట్టింపు చేశాను. మళ్ళీ రెట్టింపు చేశాను. కుంకుళ్ళు కొట్టే ఓపిక లేక బట్టల సబ్బుపొడి కలిపాను. ఆదివారం తీరిక దొరికింది కదా అని మే నెల మిట్టమధ్యాహ్నం, రాజమండ్రి ఎండలో కొట్టాను. సాయంత్రానికి వంగాకులు వేయించిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. తినడానికేమీ మిగలక పేనుబంక నిజంగానే పోయింది.

"చూశావా, పనిచేసింది" అన్నాను.

మా ఆవిడ మొక్క వంకా నా వంకా చూసి, "ఇల్లు తగలబెడితే బొద్దింకలు కూడా పోతాయండీ" అంది.

అదే నూనె కరివేపాకుకీ కొట్టిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అత్తగారూ మామగారూ ఊర్నించి దిగిన పూట, మా ఆవిడ హడావిడిగా రెండు రెబ్బలు దూసి చారులో పడేసింది. మామగారు ఒక ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగి, "ఏమ్మా, ఉగాది వెళ్ళిపోయి చాలా రోజులైంది కదూ?" అన్నారు.

ఇంత జరిగాక మామూలు మనిషి మానుకుంటాడు. నేను అస్త్రాల్లోకి దిగాను. ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ గారి పుణ్యమా అని నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రం మన పొలాల్లో అందరి నోటా నానిన మాటలే. 2016లో ఆయనకి పద్మశ్రీ కూడా ఇచ్చారు. అగ్నిఅస్త్రమంటే గోమూత్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు నూరి వేసి పొంగులొచ్చేదాకా కాచడం. పాలవాణ్ణి బతిమాలి గోమూత్రం సంపాదించాను. వాడు పాలకంటే ఎక్కువ ధర చెప్పాడు, నేను బేరమాడలేదు.

మిగిలింది పొగాకు. మా ఊళ్ళో దానికేం కరువు? గోదావరి లంకల నిండా పండుతుంది. దాని మీద పరిశోధనకని 1947లో పెట్టిన కేంద్ర సంస్థ కూడా ఇక్కడే ఉంది. ఇంత పెట్టుకుని నేను మామగారి గుడ్డసంచిలో చెయ్యి పెట్టాను. ఆయన చుట్టల కోసం భద్రంగా చుట్టి పెట్టుకున్న లంక పొగాకులో సగం లాగి, నీళ్ళలో నానేసి, మేడ మెట్ల మీద కూర్చుని వట్టి చేతుల్తో పిసికాను. చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుందని. కాసేపటికి కళ్ళు తిరిగాయి, కడుపులో దేవింది, ఒళ్ళంతా చల్లటి చెమట. నికోటిన్‌కి పురుగూ మనిషీ అన్న తేడా లేదు, తడి తగిలితే చర్మంలోంచే ఎక్కేస్తుంది. తడిసిన పొగాకు కోసే కూలీలకి ఇదే జబ్బు చేస్తుందని ఆనక తెలిసింది.

గదిలో పడుకుని ఉండగా వంటింట్లోంచి మామగారి గుసగుస వినపడింది.

"అమ్మాయ్, అల్లుడుగారు చుట్ట మొదలెట్టారా ఏంటి? సంచిలో ఆకు తగ్గింది. కొత్తల్లో అలాగే తిప్పుద్దిలే, అలవాటైపోద్ది."

నేను కాదనలేదు. కుండీలకి కషాయం కాచే అల్లుడి కంటే చుట్ట కాల్చే అల్లుడే పరువుగా అనిపించాడు.

మర్నాడు పొయ్యి వెలిగించడంతో ఆ పరువూ పోయింది. అది ఎకరం చేలో, ఆరుబయట, మూడు రాళ్ళ మీద కాచే సరుకు. నేను గ్యాసు పొయ్యి మీద, సాంబారు గుండిగలో, కిటికీలన్నీ బిడాయించి కాచాను. వాసన మాస్టారింటికి పోకూడదని నా జాగ్రత్త. మొదటి పొంగుకే మిర్చి ఘాటు లేచింది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి, మామగారు తువ్వాలుతో వీధిలోకి. మా ఆవిడ దగ్గుతూనే తిట్టింది, అందుకని తిట్లు సగమే అర్థమయ్యాయి. మాస్టారు గేటు దాకా వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "మిరపకాయలతో దిష్టి తీశారా? ఇంత ఘాటొచ్చిందంటే మీకు దిష్టి బొత్తిగా లేనట్టేనండీ" అని వెళ్ళారు.

ఆ సాయంత్రం అత్తగారు మేడెక్కారు. నా పంపు, డబ్బాలు, వడకట్టే గుడ్డలు ఏవీ చూడలేదు. మందారం ముందు చతికిలబడి, "చీమలు చూశారా అల్లుడుగారూ?" అన్నారు. చూడలేదు. కాండం పొడవునా ఒక వరస ఎక్కుతోంది, ఒక వరస దిగుతోంది. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. శత్రువులొస్తే తరిమేస్తాయి. అత్తగారు ఆముదం పట్టించిన గుడ్డపీలిక కాండానికి చుట్టి చీమల దారి మూశారు. కణుపు దగ్గర పిండిని బొటనవేలితో నలిపితే ఎర్రటి జిగురు అంటుకుంది. మిగతాది గొట్టం నోరు వేలితో నొక్కిపట్టి, నీళ్ళు జోరుగా కొట్టి కడిగేశారు.

నాకూ ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఆకు వెనక మిగతావాటికంటే రెండింతలున్న తెల్లటి పోగుల పురుగొకటి కనపడితే, పిండినల్లుల పెద్ద దొరికాడని వేలెత్తాను.

"ఆగండాగండి. పిండిపురుగు ఇంత పరుగు పెడతాదా?"

నిజమే, అది చకచకా పోతోంది. పోయి ఒక పిండినల్లి మీద తల ఆన్చి తినడం మొదలెట్టింది. ఆ రాత్రి పుస్తకం తిరగేశాను. పేరు క్రిప్టోలీమస్. అక్షింతల పురుగుల జాతే. 1898లో ఆస్ట్రేలియా నుంచి కావాలని మన దేశానికి తెప్పించారు. పిల్ల పురుగు వేషం అచ్చం పిండినల్లిదే, పిండినల్లుల్నే తింటుంది. చిన్నవాటిని వదిలేసి, ఏరి ఏరి పెద్దవాటినే చంపానని నేను రోజూ కాఫీ దగ్గర గొప్పలు చెప్పుకున్నానే, అవి ఇవే.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇదీ. వంటింట్లోకి నాకు కాఫీ గ్లాసుతో మాత్రమే ప్రవేశం. ఆషాఢంలో వీధి చివర వేపచెట్టు కింద పండ్లేరుకుని, గుజ్జు తీసి, గింజలు నీడన ఎండబెట్టుకోవచ్చు. లీటరుకి యాభై గ్రాముల పప్పు దంచి, రాత్రి నానేసి, పొద్దున్న వడకట్టుకోవచ్చు. కాచే పని లేదు కనక దీనికి అనుమతి దొరికింది. సబ్బుపొడి డబ్బా మా ఆవిడ బీరువాలో పెట్టి తాళమేసింది.

దశపర్ణి కషాయం గురించి ఒప్పందంలో ఎవరూ ఏమీ అనలేదు. దానికీ పొయ్యి అక్కర్లేదు. వేప, జిల్లేడు, ఉమ్మెత్త, సీతాఫలం, వావిలి, కానుగ లాంటి పది రకాల ఆకులు డ్రమ్ములో వేసి నెలకి పైగా మురగబెట్టడమే. నీళ్ళ ట్యాంకు వెనక చోటు చూస్తుంటే మామగారు చుట్ట ముట్టించుకుంటూ మెల్లగా పక్కకి వచ్చారు.

"ఈసారి పొగాకు ఎంత కావాలో ముందే చెప్పండి అల్లుడుగారూ. లేకపోతే నాకు తెల్లారి సరిపడదు."