నాళసంజీవని: కూలెంటు సీసా మీది మూడు వాక్యాలకు టీక

అవతారిక

కంప్యూటరు వేడెక్కుతుంది. ఆ వేడిని ఫ్యానుతో ఊదేయడం సామాన్యుల పద్ధతి. రసికులు ప్రాసెసరు నెత్తిన రాగి దిమ్మ బిగిస్తారు. దాని పొట్టలోంచి నీళ్లు పారించి, రేడియేటరులో చల్లార్చి, పంపుతో మళ్లీ నెత్తికే ఎక్కిస్తారు. గొట్టాలు అద్దంలా ఉండాలి, లోపలి నీటికి రంగుండాలి, ఆ రంగు మీద లైట్లు పడాలి. దీనికి కస్టమ్ లూప్ అని పేరు. ఇందులోని నీటిని శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో చెప్పే శాస్త్రం కూలెంటు సీసా వెనక, బియ్యపుగింజ మీద చెక్కినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా మేనల్లుడు హైదరాబాదులో కొన్న సీసా మీది పాఠం ఇది:

"ఉపయోగించుటకు ముందు భాగములన్నియు బాగుగా కడుగవలెను. ద్రవము నింపవలెను. అవసరమైనపుడు మార్చవలెను."

ఇంత గంభీరమైన పాఠానికి వ్యాఖ్య లేకపోవడం లోకానికి లోటు. మెదక్ వైపు కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాట ఇచ్చాడు. ఆయన ముందున్నది కాళిదాసు గనక చెల్లింది. నా ముందున్న మూలంలో కావలసినదేదీ లేదు. కాబట్టి లేనిదే రాస్తాను.

ఉపయోగించుటకు ముందు: స్పష్టము.

భాగములన్నియు: "కొత్త రేడియేటరు ఇప్పుడే డబ్బాలోంచి తీశాం, దాన్నెందుకు కడగడం?" అని పూర్వపక్షి. డబ్బాలోంచి తీశావు గనకనే. ఇత్తడి గొట్టాలను, రాగి రేకులను టంకం పెట్టి అతికేటప్పుడు వాడిన ఫ్లక్స్ లోపలే ఉండిపోతుంది. టంకం పొక్కులు, లోహపు పొడి కూడా ఉంటాయి. సగం దాకా వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతులు మూసి, చేతులు నొప్పిపుట్టేలా ఆడించి, తెల్లగుడ్డ మీదుగా వంచితే తెలుస్తుంది: ఆకుపచ్చ జాడ, నల్లటి నలుసులు. గుడ్డ తెల్లగా మిగిలేదాకా ఇదే పని. కొందరు వెనిగరు పోసి రాత్రంతా వదిలేస్తారు. ఆమ్లానికి మురికి ఏదో, ఇత్తడి ఏదో తెలియదు.

ఈ "అన్నియు"లో ఇంకో ప్రమాదం దాగుంది. ఏ భాగాలను అసలు ఒకచోట చేర్చకూడదో మూలకారుడు చెప్పలేదు. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒక పంక్తిలో కూర్చుంటాయి. చవక రకం రేడియేటర్లలో ఉండే అల్యూమినియం ఆ పంక్తిలోది కాదు. ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ రాగికి +0.34 వోల్టులు, అల్యూమినియానికి −1.66. రెంటినీ ఒకే నీటిలో ముంచితే మీరు కట్టింది లూప్ కాదు, బ్యాటరీ. అల్యూమినియం తన్ను తాను తింటూ పోతుంది, ఆ శేషమంతా నీటిలో తిరుగుతుంది.

అత్ర ఇతిహాసః. 1761లో ఇంగ్లండు నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు రాగి రేకు తొడిగింది. పురుగు తొలవకూడదు, నాచు పట్టకూడదు అని. నాచు పట్టలేదు గానీ, రాగికి తగిలిన ఇనుప మేకులు కుళ్లిపోయాయి. ఆ తర్వాత రాగి కూడా సముద్రపు నీటిలో కరిగిపోతోందని మొరపెట్టుకుంటే, 1824లో సర్ హంఫ్రీ డేవీ ఉపాయం చెప్పాడు: రాగికి చిన్న జింకు ముక్కో, ఇనుప ముక్కో తగిలించండి, రాగికి బదులు అది కరుగుతుంది. అన్నట్టే రాగి కరగడం ఆగింది. ఆగగానే ఓడల అడుగున నాచు, గుల్లలు దిట్టంగా పట్టి, నడక మందగించింది. నాచును చంపుతూ వచ్చింది ఆ కరిగే రాగే మరి! నౌకాదళం చివరికి ఆ రక్షకాలను ఊడదీయించింది.

ఈ కథ చెప్పింది ఊరికే కాదు. కూలెంటులో రాగిని కాపాడే మందు ఒకటి కలుపుతారు, బెంజోట్రయజోల్ జాతిది. అది రాగి మీద పల్చటి పొర కడుతుంది. మంచిదే. కానీ రాగిని కాపాడినవాడు నాచు సంగతి విడిగా చూసుకోవాలని డేవీ ఓడలు రెండు వందల ఏళ్ల కిందటే చెప్పాయి. అందుకే బయోసైడ్ వేరే ఉండాలి. దాన్ని మరిచి, పారదర్శకమైన గొట్టాల మీద రాత్రింబగళ్లు లైట్లు వేసి కూర్చుంటే నాచు ఇంకేం కోరుకుంటుంది?

బాగుగా: ఇక్కడ వ్యాఖ్యాతకు గొంతు పూడుకుపోయింది. ఎంత బాగుగా? ఎన్నిసార్లు? వేడినీళ్లా, చన్నీళ్లా? సబ్బు వాడొచ్చా? అక్రిలిక్ భాగాన్ని స్పిరిట్‌తో తుడిస్తే జుట్టంత సన్నటి పగుళ్లు వస్తాయని ఈ క్రియావిశేషణంలో ఎక్కడుంది? కుక్కరు కొంటే గాస్కెట్ ఎలా తొడగాలో బొమ్మ వేసి చూపిస్తారు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు కలిపి లక్ష దాటిన సరుకు మీద నీళ్లు పారించే చోట "బాగుగా" అని వదిలేశారు.

ద్రవము: ఇది వ్యాఖ్యాతకు ప్రియమైన స్థలం.

మొదటి పూర్వపక్షి మినరల్ వాటర్ పోస్తానంటాడు. ఏ ఖనిజాలు వద్దని ఇంత గొడవో అవే ఉన్న నీళ్లను డబ్బిచ్చి కొనడం అతనికే తగును. రెండోవాడు ఇంట్లో ఆర్ఓ ఉందంటాడు. ఆర్ఓ లవణాలను తగ్గిస్తుంది, తీసివేయదు. మూడోవాడు పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ వాటర్ అంటాడు. దారిలోనే ఉన్నాడు, సీసా సీలు చూసుకుంటే చాలు. నాలుగోవాడు ద్రాక్షతోటల రైతు బిడ్డ, నాచుకు చిటికెడు మైలుతుత్తం వేస్తానంటాడు. బోర్డో మిశ్రమంతో తోటల తెగులు తగ్గినమాట నిజమే గానీ, లూప్‌లో ఎక్కడైనా అల్యూమినియం ఉంటే ఆ తుత్తంలోని రాగి పోయి దాని మీద కూర్చుంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ కొంచెం కలిపితే చాలంటాడు ఐదోవాడు. కొంచెం కలిపితే సూక్ష్మజీవులకు అది భోజనం. వాటిని అణచాలంటే నాలుగో వంతు దాకా ఉండాలి.

నీటి శుద్ధి మాట వచ్చింది గనక కతకాన్ని స్మరించకుండా ముందుకు పోకూడదు. కతకమంటే మన చిల్లగింజ, ఇందుపగింజ అని కూడా అంటారు. చెరువునీళ్లు తాగే రోజుల్లో కుండ లోపలి గరుకు గోడకు ఈ గింజను అరగదీసి, బురదనీళ్లు పోసి, కదపకుండా ఉంచేవారు. బురద అడుగుకు దిగి పైన తేటనీళ్లు నిలిచేవి. ఇందులో మంత్రమేమీ లేదు. నీటిలో విడివిడిగా తేలే మట్టిరేణువులను గింజలోని పదార్థాలు గుంపు కట్టిస్తాయి, గుంపు బరువెక్కి మునుగుతుంది. వృక్షశాస్త్రంలో దీని పేరు స్ట్రిక్నాస్ పొటాటోరం. స్ట్రిక్నాస్ నక్స్‌వామికా, అంటే మన విషముష్టి, దీనికి దాయాది. ఒకరు నీళ్లకు మేలు చేస్తారు, ఒకరు ప్రాణం తీస్తారు, ఇంటిపేరు ఒకటే.

ఈ గింజ చుట్టూ మన పెద్దలు తిరిగినంతగా మరే గింజ చుట్టూ తిరగలేదు. మనుస్మృతి ఆరో అధ్యాయం సన్యాసధర్మం చెబుతూ, కతకం పేరు పలికినంతమాత్రాన నీళ్లు తేటపడవు సుమా అని హెచ్చరిస్తుంది. వేషం ధర్మం కాదని దాని భావం. సీసా మీద పేరు చదివి సంతోషపడేవాళ్లను మనువు ముందే చూశాడని నా అనుమానం. మాళవికాగ్నిమిత్రం రెండో అంకంలో కాళిదాసు దీన్ని పండితసాంగత్యానికి వాడుకున్నాడు: బుద్ధి మందగించినవాడు కూడా విద్వాంసుల పక్కన తేటపడతాడట. నలభై ఏళ్లుగా విద్వాంసుల పక్కన కూర్చున్నవాణ్ణి, ఈ మాట మీద నాకు కొంత అభ్యంతరముంది, అది వేరే గ్రంథం. శంకరుల పేర ఉన్న ఆత్మబోధలో పోలిక మరీ సూక్ష్మం. జ్ఞానం జీవుణ్ణి నిర్మలం చేసి, పని అయ్యాక కతకపుపొడిలా తానూ నశిస్తుందట.

నశించదు స్వామీ! కుండ అడుగున ఉంటుంది. కుండ కడిగే ఆవిడను అడిగితే చెబుతుంది. బురదా పోలేదు, పొడీ పోలేదు, రెండూ కిందికి దిగి కూర్చున్నాయి. పైనుంచి ముంచుకునేవాడికి తేట, అడుగు తోమేవాళ్లకు బురద. ఇన్ని శతాబ్దాల వ్యాఖ్యానాల్లో అడుగు తోమేవాళ్ల పక్షం ఎవరూ వహించినట్టు లేదు...

ప్రకృతం. సీసాలోది పాలలాంటి తెల్ల కూలెంటు. ఆ తెలుపు, కరిగిన రంగు వల్ల వచ్చింది కాదు. కరగని అతిసన్నటి రేణువులు తేలుతూ ఉండబట్టి. ఫొటోలకు ఎంతో బాగుంటుంది. కొన్ని నెలలయ్యాక మా మేనల్లుడు వీడియో కాల్ చేసి, "మామయ్యా, నీళ్లు ఎంత క్లియర్ అయిపోయాయో చూడు!" అని మురిసిపోయాడు. నిజమే, రిజర్వాయరు అవతలి గోడ కూడా కనిపిస్తోంది. ప్రాసెసరు మాత్రం తొంభై డిగ్రీలు దాటుతోంది.

ఆ ఆదివారం విప్పించాను. నీళ్లు దింపి, వాటర్ బ్లాకు మరలు అలెన్ కీతో ఒక్కొక్కటే తిప్పి, రబ్బరు రింగు చెదరకుండా పైమూత ఎత్తాం. లోపల రాగిపలక మీద దువ్వెనపళ్లలా సన్నటి రెక్కలుంటాయి, పంటికి పంటికి మధ్య సందు పావు మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. ఆ సందులన్నీ తెల్లటి ముద్దతో పూడిపోయాయి. గోటితో గీరితే సున్నంలా కాదు, గట్టి వెన్నలా వచ్చింది. రేణువులతోపాటు మెత్తటి ట్యూబుల్లోంచి కారిన ప్లాస్టిసైజరు కూడా కలిసిందన్నమాట. మధ్యలో నీరు సరిగ్గా పడే చోట మాత్రం నాలుగు సందులు తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ యంత్రం వాటితోనే ఊపిరి తీసింది.

లూప్‌లో కదలని కుండ లేదు, కానీ అడుగు ఉంది. అది ఆ రెక్కల మధ్య ఉంది. నీళ్లు తేటపడ్డాయంటే మురికి వెళ్లిపోయిందని కాదు, ఎక్కడో స్థిరపడిందని అర్థం. ఈ ఒక్క ముక్క సీసా మీద రాసి ఉంటే నేను ఈ వ్యాఖ్యకు పూనుకునేవాణ్ణి కాదు. మెత్తటి పళ్లబ్రష్షుతో, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, రెక్కల వాలు వెంటే తోమాం. టూత్‌పేస్టు తెస్తానన్నాడు మావాడు. పేస్టు గీరుడుకు నికెల్ పూత లేచిపోతుందని ఆపాను.

నింపవలెను: పిల్లలు కూడా నింపుతారు. గాలి బుడగలు పోవడానికి కేబినెట్టును అటూ ఇటూ వంచాలి, పంపును ఎప్పుడూ పొడిగా తిప్పకూడదు, దాని బేరింగుకు నీళ్లే కందెన. అంతే.

అవసరమైనపుడు: వ్యాకరణంలో దీన్ని భావలక్షణం అంటారు. ఒక పని జరిగే వేళను బట్టి ఇంకో పని వేళ చెప్పడం. ఆవులను పితుకుతుండగా వెళ్లాడు, పితికాక తిరిగొచ్చాడు అని శాస్త్రంలో ఉదాహరణ. దీనికి ఒక నియమముంది: గుర్తుగా చెప్పే పని అందరికీ తెలిసినదై ఉండాలి. ఆవులు పితికే వేళ ఊరందరికీ తెలుసు. మరి "అవసరం" అనే వేళ ఎవరికి తెలుసు? రంగు మారితేనా? రంగు ఆఖరున మారుతుంది. వేడి పెరిగితేనా? అప్పటికే రెక్కలు పూడిపోయాయి. కాబట్టి ఈ వాక్యానికి కుదిరే అన్వయం ఒక్కటే: "పాడైన పిమ్మట పాడైనదని తెలిసికొనవలెను."

సీసా, తీసిన ముద్ద ఒక కవరులో పట్టుకుని అమ్మిన షాపుకు వెళ్లాం. కౌంటరులో అబ్బాయి ముద్ద వైపు చూడను కూడా చూడలేదు. సీసా తిప్పి, మూడో వాక్యం మీద వేలు పెట్టి, "అవసరమైనప్పుడు మార్చమని రాసే ఉంది కదా సార్" అన్నాడు. శబ్దప్రమాణం ముందు ప్రత్యక్షం ఓడిపోవడం నా కళ్లతో చూశాను. ఫొటోలో అందం కోసం అడుగంటే సరుకు అమ్మేదీ వాళ్లే, అడుగంటితే తప్పు కొన్నవాడిదనేదీ వాళ్లే.

పాఠాంతరం: మూడో వాక్యం లేఖకదోషమని నా నిర్ణయం. సరైన పాఠం ఇలా ఉండాలి: పాలలాంటి ద్రవమైతే ఆరు నెలలకు, తేట ద్రవమైతే ఏడాదికి మార్చవలెను. మార్చినపుడు బ్లాకు విప్పి రెక్కలు చూడవలెను. ఒకే గదిలో, ఒకే పనికి, గది వేడి మీద ప్రాసెసరు వేడి నెలనెలా పెరుగుతుంటే గడువు రాకముందే విప్పవలెను. మెత్తటి ట్యూబుకు బదులు ఈపీడీఎం రబ్బరుది వాడవలెను.

ఇంత రాయడానికి సీసా మీద చోటు లేదంటారేమో. సీసా ముందువైపు మెడ దగ్గర్నుంచి అడుగు దాకా నీలిరంగు డ్రాగన్ ఒకటి రెక్కలు చాపుకుని ఉంది. దాని తోక ఒక్కటి కత్తిరించినా ఈ నాలుగు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో పడతాయి.