డాక్టరుగారి బండి

హిందూపురం మార్కెట్టు యార్డులో చింతపండు కొనువానిని మీరెప్పుడైనను దగ్గర నిలిచి చూచితిరా? బుట్టలోనికి మోచేతివరకు చేయి దింపి, అడుగున నున్న పండును పైకి దీసి, రెండు వ్రేళ్లనడుమ నలిపి, పీచెంత, గింజయెంత, తేమయెంత యని విచారించి, నాలుకపై చిటికెడు వేసికొని, ఇది కరిపులి రకమా ఫ్లవరు రకమా యని తేల్చుకొన్నగాని ధర మాట యెత్తడు. ధర్మవరమున పట్టుచీర బేరమాడు నిల్లాలు అంచునుండి పోగొకటి లాగించి, అగ్గిపుల్ల గీయించి, కాలిన వాసన వెండ్రుకలు కాలిన వాసన యగునో కాదో చూచినదాక సంచి విప్పదు. ఇంతటి పరీక్షకులు, ఇంతటి అనుమానపు ప్రాణులు, ఆరేడు లక్షలు పోసి పాతకారు కొనుటకు బయలుదేరిన దినమున మాత్రము ఒకే యొక వాక్యమునకు సాష్టాంగపడుదురు. ఆ వాక్యమేమన: "డాక్టరు వాడిన బండన్నా!"

మా ప్రాంతమునకు పాతకార్లు చాలవరకు బెంగుళూరునుండి దిగును. హిందూపురమునకు అది నూరు కిలోమీటర్ల దూరము. అట్లు దిగిన ప్రతి బండియు నొక వైద్యునిదే. ఓనరొక్కడే, ఆదివారము గుడికి దప్ప బయటికి దీయలేదు, సర్వీసు ఒక్కటియు తప్పలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరములలో తిరుగుచున్న కె.ఏ. నంబరు బండ్లను లెక్కించి యీ మాటను నమ్మినచో, ఆ మహానగరమున వైద్యులు రోగులను జూచుట మాని, కార్లు కొనుటయు నమ్ముటయు నిత్యకృత్యముగ పెట్టుకొనిరని తేలును. ఇంతకును వైద్యుడు నెమ్మదిగ నడపునని యెవరు చెప్పిరి? అర్ధరాత్రి కాన్పుకేసు పిలుపు వచ్చినవాడు గతుకు చూచి బ్రేకు వేయునా?

నా మిత్రుడొకడు, హిందూపురమున కిరాణా వర్తకుడు, పైని చెప్పిన చింతపండు పరీక్షలో అందెవేసిన చేయి, నన్ను వెంటబెట్టుకొని ధర్మవరమున నొక డీజిలుబండిని జూచుటకు పోయెను. పాలిషు పెట్టిన బండి పెండ్లికొడుకువలె మెరయుచుండెను. మీటరు 42 వేలు చూపుచుండెను. బ్రేకు పెడలు రబ్బరు మాత్రము గీతలన్నియు నరిగి, ముసలివాని చిగురువలె నునుపెక్కి యుండెను. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యొకటి యుండును. మొదటి రెండంకెలు వారమును, తక్కిన రెండు సంవత్సరమును దెలుపును. బండి 2020 నాటిది. నాలుగు టైర్లును 2023 నాటివి. మూడేండ్లకే నాలుగును ఎట్లరిగెనని యడిగితిని. "డాక్టరు కదా సార్, సేఫ్టీకని మార్పిచ్చినాడు." తక్కిన అద్దములపై నున్న సంవత్సరపు గుర్తొకటి, ముందద్దముపై వేరొకటి. "రాయి తగిలింది సార్." తలుపు రబ్బరు బీడింగు నెత్తి చూడగా దాని యంచున క్రొత్తరంగు తుంపరలు కనబడినవి. "దిష్టి చుక్కలనుకోండి సార్!" ఆ సమయస్ఫూర్తికి నాకే నమస్కరింప బుద్ధిపుట్టెను.

నా మిత్రుడీ సంవాదము నేమియు వినలేదు. ఆయన యడిగిన ప్రశ్న యొక్కటే: "పికప్ ఎట్లుంది?" అమ్మువాడు మమ్ము నూరి వెలుపలి రోడ్డునకు గొంపోయి యొక్కమారు తొక్కెను, మా వీపులు సీటున కంటుకొనెను, మిత్రుని ముఖము వికసించెను, బేరము ముగిసెను. లేపాక్షిలో వ్రేలాడు స్తంభమును జూడబోయినవారు, అది నిజముగ నేలను తాకుట లేదా యని, దాని క్రింద గుడ్డ దూర్చి యీవలినుండి యావలికి లాగి చూతురు. దేవుని గుడిలోని రాతి స్తంభమునకే యింత పరీక్ష. బండిక్రింద గుడ్డ పరచుకొని పడుకొని చూచిన మహానుభావు నింతవరకు నేనెరుగను.

ఇంతకీ పికప్ అను నీ దివ్యగుణము హిందూపురమున నెక్కడ ప్రకాశింపవలెను? మిత్రుని యింటినుండి దుకాణము మూడు కిలోమీటర్లు; నడుమ ఆటోలు, ఆవులు, స్పీడు బ్రేకర్లు, తోపుడుబండ్లు. మూడవ గేరు పడిన దినము పంచాంగమున వ్రాసికొనదగినది. అయినను, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారమునుండి 2019 ఆగస్టు 8న తొలి సెల్టోసు వెలువడినది మొదలు మా సీమలో ప్రతివాడును యంత్రశాస్త్ర కోవిదుడే. అశ్వశక్తి యెంత, నూరు వేగము నెన్ని సెకండ్లలో నందుకొనునని టీ అంగడి బెంచీలపై శాస్త్రచర్చ జరుగును. క్లచ్ ప్లేటు వెలయెంత, ఇన్సూరెన్సు ఏటికెంత యని యడిగినవాడు పిసినారి.

డీజిలు చవుక, మైలేజి యెక్కువ యని మిత్రుని సమర్థనము. కాగితముపై వేసి చూపితిని. దినమునకు 15 కిలోమీటర్ల చొప్పున ఏటికి సుమారు 5,400. లీటరునకు 14 ఇచ్చు పెట్రోలు బండికి, లీటరు 109 రూపాయల లెక్కన, 42 వేలు. 18 ఇచ్చు డీజిలు బండికి, లీటరు 97 లెక్కన, 29 వేలు. మిగులునది 13 వేలు. డీజిలు బండియని ఆయన యదనముగ పోసినది లక్షన్నర. అది తిరిగి చేతికి వచ్చుటకు పదునొకండున్నర యేండ్లు పట్టును. అప్పటికి బండికి పదునేడవ యేడు. తొలి రిజిస్ట్రేషను గడువు పదునైదేండ్లే. "లెక్కలు వేసుకుంటే కార్లు కొనలేము సామీ" అనెను. ఇది మాత్రము నిజము.

ఆరునెలలు గడిచెను. బి.ఎస్. 6 డీజిలు బండ్ల పొగగొట్టమున మసిని బట్టు జల్లెడ యుండును. హైవేమీద నప్పుడప్పుడు దీర్ఘముగ పరుగెత్తించినగాని ఆ మసి కాలిపోదు. మూడేసి కిలోమీటర్ల తిరుగుడుతో అది మూసికొని డ్యాష్‌బోర్డుపై పసుపుపచ్చ దీపము వెలుగజొచ్చెను. మసి కాల్చుటకై నా మిత్రుడు ప్రతి ఆదివారము 44వ నంబరు రోడ్డుమీద నే పనియు లేకయే పెనుకొండ దాటి పోయి, డీజిలు తగులబెట్టి వచ్చుచుండెను. డీజిలు చవుక గదా! పరరాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి యిక్కడ నుంచినచో ఎన్.ఓ.సి. తెచ్చి మన నంబరు వేయించవలెను. లైఫు ట్యాక్సు మన రాష్ట్రమునకు మరల గట్టవలెను. అక్కడ గట్టినదానిలో శేషము రాబట్టుట వేరొక కాశీయాత్ర. ఇవి తెలిసినపిమ్మట బండికి గవుసెన తొడిగిరి. పెనుకొండలో కుంభకర్ణుని పెద్ద విగ్రహమొకటి పడుకొని యున్నది. ఆయన యైనను ఆరునెలలకొకమారు లేచి తినును. ఈ బండి పడుకొనియే తినుచుండెను.

మొన్న మిత్రుడు మా యింటికి వచ్చి, బండి నమ్మదలచితినని చెప్పి, కాఫీ త్రాగినదాక నాన్చి, "సామీ, నీ పేరుకు ముందర డాక్టరని ఉంది కదా, రెండు దినాలు బండిని మీ గేటు ముందర పెట్టుకో" అనెను. నా డాక్టరేటు తెనుగు సంధులమీద సంపాదించినది. దానితో జలుబు కూడ కుదరదు. అయినను స్నేహము గొప్పది, సరే యంటిని. సాయంకాలమే యొక పెద్దమనిషి కొడుకుతో వచ్చెను. గేటుమీది పలకను రెండుమార్లు చదివి, కొడుకునకు వ్రేలితో చూపి, బోనెట్టు నెత్తకయే, "పికప్ ఎట్లుంది సార్?" అని యడిగెను.